పాపకి పదకొండేళ్ళు, మోకాళ్ళు ఒరుసుకుంటున్నాయి – ప్లేట్లు ఇప్పుడే వేయించాలా?

మిర్యాలగూడ_అమ్మ · 18 జూన్ 2023

అందరికీ నమస్కారం. మా పాపకి ఏప్రిల్‌లో పదకొండు నిండాయి, ఆరో తరగతిలోకి వచ్చింది. నిలబడితే రెండు మోకాళ్ళూ అతుక్కుంటాయి, పాదాలు మాత్రం దూరంగా ఉంటాయి. పరిగెత్తితే మోకాలికి మోకాలు తగిలి పడిపోతుంది. ఈ ఒక్క ఏడాదిలో మూడు లెగ్గిన్స్ ఒకే చోట, మోకాలి లోపలివైపు, రూపాయి బిళ్ళంత మేర అరిగిపోయాయి. అప్పుడే నాకు కంగారు మొదలైంది.

ఇద్దరు డాక్టర్లకి చూపించాం. మొదటాయన "ఎదుగుదల ఆగనివ్వండి, పద్దెనిమిదేళ్ళకి ఎముక కోసి సరిచేద్దాం" అన్నారు. రెండో ఆయన తుంటి నుంచి చీలమండ దాకా ఒకే ఎక్స్‌రే తీయించి, మోకాళ్ళు కలిపి నిలబెట్టి చీలమండల మధ్య ఎడం టేపుతో కొలిచారు. 11 సెం.మీ. వచ్చింది. "ఇప్పుడే తొడ ఎముకకి లోపలివైపు చిన్న ప్లేట్లు వేద్దాం, ఎదుగుదలే కాళ్ళని తిన్నగా చేస్తుంది, ఆలస్యమైతే ఈ అవకాశం పోతుంది" అన్నారు. విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్ అన్నీ చేయించారు, నార్మలే.

మా అత్తమ్మ "ఎదిగే పిల్ల కాలికి ఇనుము పెడితే పొట్టిగా ఉండిపోతుంది, ఆడపిల్లకి కాళ్ళ మీద మచ్చలేంటి" అని ఒకటే బాధ పడుతున్నారు. ఆవిడ మాట తీసేయలేను, అలాగని ఊరుకోనూలేను. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఎవరైనా చేయించినవాళ్ళు ఉంటే చెప్పండి.

కర్నూలు_నాన్న · 18 జూన్ 2023

అమ్మా, మీకు సమాధానం చెప్పే అనుభవం నాకు లేదు, కానీ నాదీ ఇలాంటి సమస్యే. మా బాబుకి 20 నెలలు. దొడ్డికాళ్ళు. పాదాలు కలిపితే మోకాళ్ళ మధ్య నుంచి నా పిడికిలి దూరిపోతుంది. డైపర్ల వల్ల అని ఒకరు, తొందరగా నడిపించారని ఇంకొకరు. మా అమ్మ స్నానం చేయించేటప్పుడు రోజూ నూనె రాసి, తిన్నగా అవ్వాలని కాళ్ళు గట్టిగా నొక్కుతోంది. వీడికీ ప్లేట్లు అవసరమవుతాయా?

గుంటూరు_ఎముకల_డాక్టర్ · 18 జూన్ 2023

ఇద్దరికీ ఒకేచోట రాస్తాను, ఎందుకంటే రెండు ప్రశ్నలూ ఒకే దారిలో ఉన్నాయి. మీ పిల్లల్ని గానీ ఫిల్ములు గానీ నేను చూడలేదు కాబట్టి, నా మాటని మీ డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలుగా వాడుకోండి.

పుట్టిన బిడ్డ కాళ్ళు విల్లులా వంగి ఉంటాయి. ఏడాదిన్నర, రెండేళ్ళకి తిన్నగా అవుతాయి. అక్కడితో ఆగవు. మూడు, నాలుగేళ్ళ వయసుకి రెండోవైపు వెళ్ళి మోకాళ్ళు కలుసుకుంటాయి. ఏడేళ్ళు వచ్చేసరికి పెద్దవాళ్ళలో ఉండే ఐదారు డిగ్రీల కొద్దిపాటి వంపు దగ్గర నిలబడతాయి. ఫిన్లాండ్‌లో సలేనియస్, వాంకా అనే ఇద్దరు 1975లో ఈ క్రమాన్ని ఎక్స్‌రేలతో కొలిచి చూపించారు. ఇప్పటికీ మేమంతా ఆ గీతనే మనసులో పెట్టుకుని పిల్లల్ని చూస్తాం.

కర్నూలు నాన్నగారూ, 20 నెలల బిడ్డకి రెండు కాళ్ళూ సమానంగా వంగి, నెలనెలా తగ్గుతూ ఉంటే అది ఆ దారిలోదే. డైపర్ వల్ల రాదు, నడిపించినందుకూ రాదు. నూనె రాయడం మంచిదే, ఎముక తిన్నగా అవ్వాలని నొక్కడం మాత్రం వద్దని అమ్మగారికి మెల్లగా చెప్పండి. బ్రేసులు, ప్రత్యేకమైన చెప్పులు కొననక్కర్లేదు. ఒకే కాలు వంగినా, మోకాలి కింద ఒక్కసారిగా మెలిక తిరిగినట్టున్నా, రెండేళ్ళు దాటాక తగ్గకపోగా పెరుగుతున్నా, ఎత్తు తక్కువగా ఉన్నా, మణికట్లు లావుగా కనిపించినా వెంటనే చూపించండి. అప్పుడు రికెట్స్ (ఎదిగే ఎముకలు మెత్తబడే జబ్బు) ఉందా, బ్లౌంట్ జబ్బు ఉందా అని చూస్తాం. బ్లౌంట్‌లో మోకాలి కింది ఎముక లోపలి అంచు ఎదగడం మానేస్తుంది. ఎక్స్‌రేలో కొలిచే ఒక కోణం 16 డిగ్రీలు దాటితే దాన్ని గట్టిగా అనుమానిస్తాం. దాన్ని మాత్రం నాలుగేళ్ళ లోపే పట్టుకుని సరిచేయాలి.

మిర్యాలగూడ అమ్మగారూ, మీ పాప ఏడేళ్ళ గీత దాటి నాలుగేళ్ళైంది. 11 సెం.మీ. ఎడం తనంతట తాను పోయే వయసు కాదిది. ఎక్స్‌రేలో తుంటి గిన్నెలోని బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకి స్కేలు పెట్టి గీత గీస్తారు. అది మోకాలి మధ్యలోంచి పోవాలి. బయటి అంచు మీంచి పోతోందంటే ఒంటి బరువంతా మోకాలి బయటి సగం మీదే పడుతోందని అర్థం. ఆ గీతని మీ డాక్టర్ని అడిగి కళ్ళారా చూడండి. వంపు తొడ ఎముకలో ఉందా, కింది ఎముకలో ఉందా, రెండింట్లోనా అనేది కూడా అందులోనే తెలుస్తుంది. ప్లేటు ఎక్కడ వేయాలో నిర్ణయించేది అదే.

మిర్యాలగూడ_అమ్మ · 19 జూన్ 2023

డాక్టర్ గారూ, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మీరు చెప్పినట్టు ఎక్స్‌రే కిటికీకి అడ్డం పెట్టి, పాప స్కేలుతోనే చూశాను. రెండు కాళ్ళలోనూ గీత మోకాలి బయటి అంచు మీంచే పోతోంది. ఎత్తు ఆగిపోదా? ఇది కొత్త ప్రయోగమేమో అని మా ఆయన భయం. ప్లేటు అసలు ఎలా పనిచేస్తుందో మా అత్తమ్మకి చెప్పగలిగేలా చెప్తారా?

గుంటూరు_ఎముకల_డాక్టర్ · 19 జూన్ 2023

చెప్తాను. ఎముక పొడవు పెరిగేది మధ్యలో కాదు, చివర్లలో ఉండే మెత్తటి పొర దగ్గర. మేం గ్రోత్ ప్లేట్ అంటాం, లోహపు ప్లేటుతో కలగాపులగం కాకుండా ఇక్కడ ఎదుగు పొర అంటాను. ప్లేటు రెండు రంధ్రాలున్న చిన్న ముక్క, ఎనిమిది అంకెలా ఉంటుంది. ఒక స్క్రూ ఆ పొరకి పైన, ఒకటి కింద. పొరలోకి ఏదీ దిగదు, ఎముకని అంటిపెట్టుకున్న పలుచని తొడుగుని కూడా గీకరు. తలుపుకి మడతబందు ఎలాగో అది అలాగ. బందు ఉన్న వైపు కదలదు, రెండోవైపు తెరుచుకుంటూ పోతుంది. మీ పాపకి లోపలివైపు ఎదుగుదలని పట్టి ఉంచితే, బయటివైపు ఎదుగుతూ కాలుని తిన్నగా తిప్పుతుంది.

లెక్క కూడా చెప్తాను, ఇంట్లోవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. ఆ పొర వెడల్పు 7 సెం.మీ. అనుకోండి. ఒక వైపుకన్నా రెండోవైపు సుమారు 1.2 మి.మీ. ఎక్కువ పెరిగితే ఒక డిగ్రీ తిరుగుతుంది. తొడ ఎముక కింది చివర ఏడాదికి 9 మి.మీ. దాకా పెరుగుతుంది. అంటే ఏడాదికి ఏడెనిమిది డిగ్రీలు. మోకాలి కింది ఎముక ఏడాదికి 6 మి.మీ. పెరుగుతుంది కాబట్టి అక్కడ కాస్త నెమ్మది. ఆడపిల్లల్లో మోకాలి దగ్గర ఎదుగుదల సుమారు 14 ఏళ్ళకి, మగపిల్లల్లో 16కి ఆగిపోతుంది. మీ చేతిలో ఉన్నది రెండున్నర, మూడేళ్ళు. చేతి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది.

ఎత్తు ఆగదు. పట్టి ఉంచేది ఒక పక్కనే, ప్లేటు తీశాక ఆ పక్క కూడా మళ్ళీ ఎదుగుతుంది. వంగిన కాలు తిన్నగా అయితే కొద్దిగా ఎత్తు కలిసొస్తుంది కూడా.

కొత్త ప్రయోగం కాదు. షికాగోలో ఫెమిస్టర్ 1933లో ఎదుగు పొరని శాశ్వతంగా మూసే ఆపరేషన్ గురించి రాశారు. అది వెనక్కి రాని పని, లెక్క తప్పితే దిద్దుకోలేం. వాల్టర్ బ్లౌంట్, పైన చెప్పిన జబ్బు ఆయన పేరుదే, 1949లో స్టేపుల్స్ వాడారు. అవి వంగేవి, ఊడివచ్చేవి. ఫ్రాన్స్‌లో మెటైజో 1998లో పొర మీదుగా ఏటవాలుగా ఒక్క స్క్రూ వేసే పద్ధతి చెప్పారు. ఈ రెండు రంధ్రాల ప్లేటు అమెరికాలోని యూటాలో పీటర్ స్టీవెన్స్ తెచ్చింది, ఆయన ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. ఇవాళ మన దగ్గర కూడా పిల్లల ఎముకల డాక్టర్లు రోజూ చేసే పనే.

పద్దెనిమిదేళ్ళకి ఎముక కోయడం తప్పుడు వైద్యం అనను. ఎదుగుదల అయిపోయినవాళ్ళకి అదే దారి. ఎదుగుదల చేతిలో ఉండగా దాన్ని వదులుకుని అక్కడిదాకా ఆగడమే నాకు నచ్చదు.

మునుగోడు_మాస్టారు · 21 జూన్ 2023

అమ్మా, మిర్యాలగూడ అంటే మా నల్లగొండ బిడ్డవే. నేను రిటైరైన టీచర్ని. ఒక్కటి అడుగుతా, పాప చిన్నప్పటి నుంచి తాగింది ఏ నీళ్ళు? బోరు నీళ్ళా, కృష్ణా నీళ్ళా?

ఎందుకు అడుగుతున్నానంటే, మా దిక్కు నేను పాఠాలు చెప్పిన పిల్లల్లో మోకాళ్ళు ఇలా తిరిగినవాళ్ళు ఎంతోమంది. ప్రార్థనకి వరుసలో నిలబెడితే ప్రతి వరుసలో ఒకరిద్దరు కనిపించేవాళ్ళు. ఒక పిల్లవాడు మెట్లు ఎక్కేటప్పుడు ఒక మోకాలిని చేత్తో పక్కకి జరిపి రెండో కాలు ముందుకి వేసేవాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బుని, అంటే ఫ్లోరోసిస్‌ని, మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. మా జిల్లా విషయం హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకి చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. అంతకుముందు ఫ్లోరోసిస్ అంటే పెద్దవాళ్ళకి నడుము, మెడ బిగుసుకుపోవడమే. ఇక్కడ మాత్రం పిల్లలకి, యువకులకి మోకాళ్ళు లోపలికి తిరుగుతున్నాయని వాళ్ళు గమనించారు. నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో కాలువల్లోకి వచ్చాక చుట్టుపక్కల భూగర్భజలం పైకొచ్చి నేల, నీళ్ళు మారాయని, జొన్న తినేవాళ్ళలో ఇది ఎక్కువగా ఉందని వాళ్ళ ఆలోచన. కాల్షియం తక్కువ తినే పిల్లల ఎముకల్ని ఫ్లోరైడ్ ఇంకా దెబ్బతీస్తుంది. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మా ఊరి పేరే, నల్లగొండ టెక్నిక్. పేరు వచ్చినంత తొందరగా నీళ్ళు మారలేదు. మిషన్ భగీరథ వచ్చాకే ఇంటి నల్లాలో కృష్ణా నీళ్ళు చూశాం.

ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగకూడదు. పాప ముందు పళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్ల మచ్చలు గానీ, గోధుమరంగు గీతలు గానీ ఉన్నాయేమో చూడు. ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పు బిడ్డా. కారణం ఒంట్లో ఉండగా కాళ్ళు సరిచేస్తే మళ్ళీ వంగుతాయి.

గుంటూరు_ఎముకల_డాక్టర్ · 21 జూన్ 2023

మాస్టారి చివరి వాక్యం మా పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది. రికెట్స్‌కైనా అదే సూత్రం. విటమిన్ డి లోపం ఉన్న బిడ్డకి ముందు మందులు, కాల్షియం, ఆరేడు నెలల ఓపిక. చాలామంది చిన్నపిల్లల కాళ్ళు దానితోనే చక్కబడతాయి. కిడ్నీ వల్ల వచ్చే రికెట్స్‌ని వదిలేసి ప్లేటు వేస్తే ఎదుగు పొర సరిగ్గా ఎదగదు, ప్లేటు పని చేయదు. రక్తపరీక్షలు లేకుండా నేరుగా ఆపరేషన్ అనేవాళ్ళ దగ్గర కాస్త ఆగండి.

మిర్యాలగూడ_అమ్మ · 21 జూన్ 2023

మాస్టారూ, పాప పళ్ళు టార్చి వేసి చూశాను, మచ్చలు లేవు. మేం మొదటి నుంచీ టౌన్‌లో కృష్ణా నీళ్ళే. కానీ మీరు చెప్పిన ఆ పిల్లవాడి చెయ్యి గురించి చదివి ఏడుపొచ్చింది.

ఎల్బీనగర్_26 · 22 జూన్ 2023

అక్కా, నాకు 26. నీ పాపలాంటి కాళ్ళే నావి. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, మా నాన్న ఆటో నడిపేవారు, ఆయనకి తెలిసే దారీ లేదు. పోలీస్ కానిస్టేబుల్ ఫిజికల్స్‌కి వెళ్తే మోకాళ్ళు కలుస్తున్నాయని మెడికల్‌లో తీసేశారు. ఆ తర్వాత 22 ఏళ్ళకి తొడ ఎముక కోయించుకుని సరిచేయించుకున్నాను. ఒక కాలు ముందు, ఆరు నెలలకి రెండోది.

కాళ్ళు తిన్నగా అయ్యాయి, డాక్టర్ మీద గౌరవం ఉంది. కానీ ఒక్కో కాలికి ఆరు వారాలు నేల మీద పాదం మోపలేదు. బాత్రూమ్‌కి మా తమ్ముడు ఎత్తుకుని తీసుకెళ్ళేవాడు. తొడకి బయటివైపు జానెడు కుట్లు. మొత్తం ఏడాదిన్నర పోయింది. ప్లేట్లతో సరిపోయే వయసు నీ పాపది. ఎదుగుదల ఉండగా తీసుకెళ్ళేవాళ్ళు నాకు లేకపోయారు, తనకి నువ్వున్నావు.

పెద్దాపురం_అక్క · 22 జూన్ 2023

మా బాబుకి తొమ్మిదేళ్ళప్పుడు, 2019 వేసవిలో రెండు మోకాళ్ళకీ ప్లేట్లు వేశారు. మూడు నెలలకోసారి రమ్మన్నారు. రెండుసార్లు వెళ్ళాం, బాగా తగ్గుతోందన్నారు. ఆ తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్. తర్వాత మా ఆయన ఉద్యోగం పోయింది. చూడ్డానికి కాళ్ళు తిన్నగానే ఉన్నాయి కదా అని వాయిదా వేసుకుంటూ పోయాం. ఆసుపత్రి నుంచి కూడా ఒక్క ఫోన్ రాలేదు. ఏడాదిన్నర తర్వాత ఒకరోజు వాడు స్నానం చేసి వస్తుంటే వెనక నుంచి చూశాను. కాళ్ళు దొడ్డికాళ్ళైపోయాయి. గుండె ఆగినంత పనైంది.

ప్లేటుకి ఎక్కడ ఆగాలో తెలియదు. తీసేదాకా తిప్పుతూనే ఉంటుంది. పాతవి తీసి, రెండోవైపు కొత్తవి వేయాల్సొచ్చింది. ఇంకా ఎదుగుదల ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఎముక కోయడమే అన్నారు. అమ్మా, వేయించండి, భయం లేదు. కానీ వేయించిన రోజే నాలుగు తేదీలు క్యాలెండర్‌లో రాసి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆసుపత్రి గుర్తు చేస్తుందని కూర్చోవద్దు.

డల్లాస్_అమ్మ · 24 జూన్ 2023

పెద్దాపురం అక్కయ్య చెప్పింది అక్షరాలా నిజం. మా బాబుది పుట్టుకతో వచ్చే ఫాస్ఫేట్ రికెట్స్, ఎక్స్ఎల్ఎచ్ అంటారు. మా నాన్నగారూ పొట్టి, ఆయనవీ దొడ్డికాళ్ళే. మా వైపు అందరూ అంతే అనుకున్నాం, అది జబ్బని మాకు తెలిసింది వీడు పుట్టాకే. ఎన్ని విటమిన్ డి చుక్కలు వేసినా తగ్గకపోతే ఫాస్ఫరస్ చూడమని అడగండి. వీడికి ముందు ఫాస్ఫేట్, కాల్సిట్రయాల్ ఇచ్చారు, తర్వాత బురోసుమాబ్ ఇంజెక్షన్. ఐదేళ్ళకి బయటివైపు ప్లేట్లు వేసి తిన్నగా చేశారు, తీసిన రెండేళ్ళకి కొంత వెనక్కి వంగాయి, మళ్ళీ వేశారు. చిన్న వయసులో తీస్తే వెనక్కి తిరిగే గుణం ఎక్కువని ముందే చెప్పారు కాబట్టి మాకు షాక్ అనిపించలేదు. మీ పాప వయసుకి ఆ భయం తక్కువ.

మిర్యాలగూడ_అమ్మ · 2 జులై 2023

ఈ పేజీ మొత్తం మా అత్తమ్మకి చదివి వినిపించాను. ఎల్బీనగర్ తమ్ముడు రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. చివరికి "మచ్చలదేముంది, లంగా కింద కనపడవు, చేయించు" అన్నారు. దసరా సెలవుల్లో చేయిద్దామని నిర్ణయించాం. ఎముక వయసు పదకొండే అని వచ్చింది, తొందర లేదు, మూడు నెలలు ఆగొచ్చన్నారు.

తర్వాత వ్యాయామం ఎలా ఉంటుంది? నడవడానికి ఎన్ని రోజులు?

విజయనగరం_ఫిజియో · 3 జులై 2023

అక్కా, ఎముక కోయరు కాబట్టి పిండికట్టు ఉండదు. మర్నాడే నిలబెడతాం, వాకర్‌తో గానీ పట్టుకుని గానీ నడుస్తుంది. మొదటి వారం మోకాలు వంచడానికి ఏడుస్తుంది, అక్కడే అమ్మలు జాలిపడి దిండు పెట్టి కాలు చాపి పడుకోబెడతారు. అలా చేస్తే బిగుసుకుపోతుంది. మోకాలి కింద దిండు వద్దు. మంచం అంచున కూర్చోబెట్టి కాళ్ళు వేలాడదీసి ఊపమనండి, టీవీ చూస్తూ చేస్తుంది. రోజుకి నాలుగైదుసార్లు, పది నిమిషాలు. తొడ కండరం బిగించి వదలడం, కాలు తిన్నగా పైకెత్తడం. రెండు మూడు వారాలకి స్కూలు, ఆటలు మీ డాక్టర్ ఎప్పుడంటే అప్పుడు, సాధారణంగా నెలన్నర.

ఒళ్ళు బరువున్న పిల్లలైతే, ముఖ్యంగా బ్లౌంట్ ఉన్న పెద్దపిల్లలైతే, స్క్రూ విరిగిన సందర్భాలుంటాయి. నడుస్తుంటే కొత్తగా నొప్పి మొదలైతే తేదీ వచ్చేదాకా ఆగకుండా వెళ్ళండి.

అనంతపురం_బాబాయి · 5 జులై 2023

డబ్బు గురించి ఎవరూ అడగలేదు. స్కూలుకి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు, అదే ఆర్బీఎస్కే బండి, 18 ఏళ్ళ లోపు పిల్లల్ని చూసి జిల్లా కేంద్రానికి పంపుతారు. మా అన్న కూతురిని అలాగే పంపారు. ఆరోగ్యశ్రీ కార్డుంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరకెళ్ళి, వేయడానికీ తర్వాత తీయడానికీ రెండింటికీ వర్తిస్తుందో లేదో ముందే అడగండి. తీసేటప్పుడు డబ్బుల్లేక ఆలస్యమైతే పెద్దాపురం అమ్మ చెప్పిన కథే అవుతుంది.

మిర్యాలగూడ_అమ్మ · 27 అక్టోబర్ 2023

అయింది. లోపలికి తీసుకెళ్ళి బయటికి తెచ్చేదాకా గంటంబావు. రెండు తొడల లోపలివైపు, మోకాలికి కాస్త పైన, నా చూపుడువేలి రెండు కణుపులంత గాటు. మర్నాడు పొద్దున మంచం దిగి, కిటికీ దాకా నడిచి, అక్కడ నిలబడి "అమ్మా, పావురాలు" అంది. అంతే, నేను వెనక్కి తిరిగి గోడకేసి ఏడ్చాను.

నాలుగు రోజులు వంచడానికి చాలా ఏడ్చింది. ఫిజియో తమ్ముడు చెప్పిన మంచం అంచు ఉపాయమే పనిచేసింది.

మిర్యాలగూడ_అమ్మ · 20 జనవరి 2024

మొదటి చెకప్. 11 నుంచి 8.5 సెం.మీ. ఎక్స్‌రేలో మొదట పక్కపక్కనే సమాంతరంగా ఉన్న స్క్రూలు ఇప్పుడు కత్తెర తెరిచినట్టు విడిపోయాయి. విరిగిపోతున్నాయేమో అని హడలిపోయాను. ఎముక ఎదుగుతూ వాటిని అలా విడదీస్తోందని, ప్లేటు పనిచేస్తోందనడానికి అదే గుర్తని డాక్టర్ చెప్పారు.

మిర్యాలగూడ_అమ్మ · 14 ఏప్రిల్ 2024

6 సెం.మీ. కానీ మళ్ళీ టెన్షన్. పాప పోయిన నెలలో పెద్దమనిషయింది. ఇక ఎదుగుదల ఆగిపోతుందని, ప్లేట్లు పనిచేయవని చుట్టాలు అంటున్నారు. డాక్టర్ గారూ, నిజమేనా?

గుంటూరు_ఎముకల_డాక్టర్ · 14 ఏప్రిల్ 2024

ఆగదమ్మా, నెమ్మదిస్తుంది. ఆ తర్వాత కూడా మోకాలి దగ్గర సుమారు రెండేళ్ళు ఎదుగుదల మిగిలి ఉంటుంది. మూడు నెలలకి రెండున్నర సెంటీమీటర్లు తగ్గినచోట ఇకముందు అంత తగ్గకపోవచ్చు. మీకు కావాల్సింది కూడా ఇంకా కొంచెమే.

మిర్యాలగూడ_అమ్మ · 15 ఏప్రిల్ 2024

హమ్మయ్య. ఫంక్షన్‌లో పీట మీద బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చుంది. ప్లేట్లు ఉన్నట్టు ఎవరికీ తెలియలేదు. అత్తమ్మ మాత్రం అక్షింతలు వేస్తూ మోకాళ్ళు నిమిరారు.

మిర్యాలగూడ_అమ్మ · 19 అక్టోబర్ 2024

జులైలో 4, ఇప్పుడు 2.5. ఒక చిక్కు. కుడికాలి గీత సరిగ్గా మోకాలి మధ్యకి వచ్చేసింది, ఎడమది ఇంకా రెండు డిగ్రీలు వెనకుంది. కుడిది ఇప్పుడు తీసి, ఎడమది తర్వాత తీస్తే రెండుసార్లు మత్తు. రెండూ కలిపి డిసెంబర్‌లో తీద్దాం, ఈ రెండు నెలల్లో కుడిది ఒక డిగ్రీ దాటినా నష్టం లేదు, తీశాక కాస్త వెనక్కి వస్తుంది అన్నారు. ఒప్పుకున్నాం. తేదీ ఫ్రిజ్ మీద ఎర్ర పెన్నుతో రాశాను. పెద్దాపురం అక్కా, మీరే గుర్తొచ్చారు.

పెద్దాపురం_అక్క · 19 అక్టోబర్ 2024

మా వాడికి రెండోసారి వేసినవి పోయినేడే తీసేశారు. ఇప్పుడు తిన్నగా ఉన్నాడు. నేను మాత్రం ఇంకా ప్రతి ఆదివారం వెనక నుంచి చూస్తూనే ఉంటాను.

మిర్యాలగూడ_అమ్మ · 28 డిసెంబర్ 2024

తీసేశారు. పాత గాట్ల మీదే తీశారు, కొత్త మచ్చ లేదు. సాయంత్రానికే నడిచింది. ప్లేట్లు కడిగి ఒక చిన్న సీసాలో ఇచ్చారు. నా బొటనవేలి గోరుకన్నా కొంచెం పొడుగు, అంతే. ఇన్నాళ్ళూ నన్ను నిద్రపోనివ్వనివి ఇవేనా అని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆరు నెలలకోసారి రమ్మన్నారు. పోయిన సంక్రాంతికి కొన్న లెగ్గిన్స్ మోకాళ్ళ దగ్గర ఎక్కడా అరగలేదు, పొట్టివైపోయాయి కాబట్టి పక్కన పెట్టాం. ఏడాదిలో ఐదు సెంటీమీటర్లు ఎదిగింది మరి. మాస్టారూ, ఎల్బీనగర్ తమ్ముడూ, అందరికీ పేరుపేరునా నమస్కారాలు.

ఎల్బీనగర్_26 · 28 డిసెంబర్ 2024

సంతోషంగా ఉందక్కా. పాపని పరుగుపందెంలో పేరివ్వమను.

కర్నూలు_నాన్న · 29 డిసెంబర్ 2024

డాక్టర్ గారూ, మీరు అప్పుడు చెప్పిన మాట నమ్మి మా అమ్మ నొక్కడం మానేసింది. రెండేళ్ళకల్లా బాబు కాళ్ళు తిన్నగా అయ్యాయి. ఇప్పుడు వాడికి మూడేళ్ళ రెండు నెలలు. నిలబడితే మోకాళ్ళు కలుస్తున్నాయి, చీలమండల మధ్య 4 సెం.మీ. వచ్చింది. రెండు కాళ్ళూ సమానమే. ఇది మీరు చెప్పిన ఆ దారేనా?

గుంటూరు_ఎముకల_డాక్టర్ · 29 డిసెంబర్ 2024

అదే దారి. ఏమీ చేయకండి. ఏడేళ్ళు నిండేదాకా ఏడాదికోసారి, వాడి పుట్టినరోజున, మోకాళ్ళు తగిలేలా నిలబెట్టి ఆ ఎడం కొలిచి ఎత్తు పక్కనే రాసిపెట్టండి.